విప్పితే అర్థం కావాలి: ఆర్‌సీ కారు వైరింగు మీద ఒక సమీక్ష

ఆర్‌సీ కారు పైబాడీని పట్టుకున్న క్లిప్పులు పీకేస్తే లోపల సామాను పెద్దగా ఉండదు. బ్యాటరీ, మోటారు, ఆ రెండింటి నడుమ కూర్చుని కరెంటును అదుపు చేసే ఈఎస్‌సీ, ముందు చక్రాలను తిప్పే సర్వో, చేతిలోని రిమోట్ మాట వినే రిసీవర్. అంతే. వీటిని కలిపే వైర్లు కూడా పదిహేను, పదహారుకు మించవు. అయినా ఆ కాసిని వైర్లను ఎటు తిప్పి ఎక్కడ కట్టాలన్న దాని మీద ఈ సరదా ఉన్నవాళ్లలో యాభై ఏళ్లుగా వాదం నడుస్తూనే ఉంది. పొట్టిగా కోసి నేరుగా టంకం పెట్టాలంటారు కొందరు. వచ్చినవి వచ్చినట్టే మడిచి ట్యాగు బిగిస్తే చాలంటారు కొందరు. అన్నిటినీ డబ్బాలో పెట్టి సీలు చేయాలనేవాళ్లు ఉన్నారు. కంటికి ఇంపుగా కనిపించడం కోసమే ఆదివారమంతా కూర్చునేవాళ్లూ తక్కువేం కాదు.

ఈ వాదాలు పుట్టింది జపాన్, అమెరికా, యూరప్‌లలో. చాలావరకు తేలింది కార్పెట్ పరిచిన ట్రాకుల మీద, చల్లని షెడ్లలో. వాటిని తెచ్చి నల్లగొండ, పాలమూరు ఎర్ర చెల్కల్లో, మే నెల 44 డిగ్రీల ఎండలో పెడితే ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది ఇక్కడ చూద్దాం. నా లెక్క ముందే చెప్పేస్తాను. మన దగ్గర ఆర్‌సీ కారు బతికేది రిపేరు మీద. కాబట్టి వైరింగుకు మొదటి పరీక్ష ఒకటే: కట్టినవాడు కాక వేరేవాడు విప్పినా తప్పెక్కడుందో తొందరగా దొరకాలి. బరువు, వేగం, అందం దాని తర్వాతే వస్తాయి.

రిపేరు మీద ఎందుకు బతుకుతుందంటే, కొత్తది కొనడం తేలిక కాదు కనుక. బొమ్మల దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి ఒక్కసారిగా 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ ముద్ర కూడా తప్పనిసరి. దేశంలో బొమ్మలు తయారుచేసేవాళ్లకు అది మేలే. కానీ మంచి ఆర్‌సీ కారు ఇంకా బయటి నుంచే రావాలి కాబట్టి దాని ధర ఆకాశంలో కూర్చుంది. ఒక్క సర్వో పోయినా, ఒక కనెక్టరు కరిగినా నల్లగొండ కుర్రాడికైనా మహబూబ్‌నగర్ కుర్రాడికైనా దిక్కు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీనే. రెండు ఊళ్ల నుంచీ వంద కిలోమీటర్ల చిల్లర. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వారం. అందుకని ఉన్నదాన్నే విప్పి, అతికి, మళ్లీ నడిపిస్తారు.

అసలు ఈ జిల్లాల్లో ఈ పని చేసేదెవరు? కిట్టు కొనుక్కుని సరదాగా నడిపేవాళ్లు కొద్దిమంది. వాళ్లకంటే ఎక్కువమంది బడుల్లో, కాలేజీల్లో ఉన్నారు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇచ్చి అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టిస్తున్నారు. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలు అక్కడ ఆర్డినో బోర్డు, బ్లూటూత్ మాడ్యూలు, రెండు గేరు మోటార్లతో మొదట కట్టేది చాలాసార్లు ఫోనుతో నడిచే కారే. ఇంజనీరింగ్ కాలేజీల్లో టెక్ ఫెస్టు వస్తే రోబో రేసు ఉండాల్సిందే. యంత్రం విప్పి, చూసి, సొంతంగా కట్టుకునే తరహా ఈ నేలకు కొత్తేం కాదు. ఉమ్మడి నల్లగొండలోని ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చదువు మధ్యలో ఆపేసి, ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999 నాటికి చేనేత నూలుకు ఆసు పోసే యంత్రం నడిపించారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆర్‌సీ కారు అంత బరువైన పని కాదు గానీ చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకునే ధైర్యం అదే.

పాత కాలం నాటి చిక్కు

వైర్లు సర్దడం అనే పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రేడియోతో నడిచే కార్లను అమ్మకానికి తెచ్చిన తొలి కంపెనీల్లో ఇటలీకి చెందిన ఎల్-జీ ఒకటి. 1966లో ఫెరారీ 250 ఎల్ఎం నమూనా తెచ్చింది. ఈ సరదాను ప్రపంచమంతా ఇంటింటికీ చేర్చింది మాత్రం జపాన్ కంపెనీ తమియా. దాని మొదటి ఆర్‌సీ కారు, 1/12 సైజు పోర్షే 934, 1976లో వచ్చింది. 1984 నాటి గ్రాస్‌హాపర్, హార్నెట్ కార్ల పేర్లు చెబితే నడివయసు వాళ్ల మొహాలు ఇప్పటికీ వెలుగుతాయి.

ఆ కార్లలో ఈఎస్‌సీ లేదు. వేగం మార్చడానికి ఒక సర్వో, రాగి కాంటాక్టుల మీద జరిగే ఒక పలక, తక్కువ వేగంలో కరెంటును తగ్గించే సిరామిక్ రెసిస్టరు. ఆ రెసిస్టరు సలసల కాగేది. దాని పక్కగా వైరు పోతే తొడుగు కరిగేది. పైగా రేడియో 27 మెగాహెర్ట్జ్ మీద నడిచేది. ఆ తరంగం పొడవు పదకొండు మీటర్లు. రిసీవర్ నుంచి అర మీటరు యాంటెనా వైరు బయటికి వేలాడేది. కార్బన్ బ్రష్షుల మోటారు తిరుగుతుంటే బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వలు కూడా ఒక రకం రేడియోనే. మోటారు వైర్లూ యాంటెనా వైరూ పక్కపక్కన పోతే కారు తనంతట తనే ఒణికేది, ఒక్కోసారి మాట వినకుండా గోడకు కొట్టుకునేది. అందుకే మోటారు డబ్బాకు, దాని రెండు టెర్మినళ్లకు కలిపి 104 అని ముద్ర ఉండే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మూడు టంకం పెట్టడం, పవర్ వైర్లను ఒక పక్క నుంచీ సిగ్నల్ వైర్లను ఇంకో పక్క నుంచీ నడపడం తప్పనిసరి అయ్యాయి. ఈ సరదాలో వైరింగు శాస్త్రమంతా అక్కడ పుట్టిందే.

తర్వాత కథ మారింది. 2005 ప్రాంతంలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు ఆర్‌సీలోకి వచ్చాయి. మన దేశంలోనూ ఆ పట్టీని తక్కువ శక్తితో వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 2005లోనే నోటిఫికేషన్ ఇచ్చారు. ఈ రేడియోలకు మోటారు రవ్వల గోల దాదాపు పట్టదు. బ్రష్షుల్లేని మోటార్లు వచ్చాక ఆ రవ్వలూ పోయాయి. కాబట్టి 1980ల నాటి భయాన్ని ఇప్పటికీ అదే తీవ్రతతో వల్లె వేయడం అనవసరం. అలాగని మొత్తం కొట్టిపారేయలేం. ఆ సంగతి సిగ్నల్ వైర్ల దగ్గర చెబుతాను.

బలమైన వైర్లు ముందు

సర్దడం మొదలుపెట్టేవాళ్లు చేసే మొదటి పొరపాటు కంటికి కనిపించే సన్న వైర్లతో మొదలుపెట్టడం. సర్వో వైరును అందంగా మడిచి, రిసీవర్‌ను మధ్యలో అతికించి, చివరికి బ్యాటరీ వైర్లకు దారి లేక మోటారు మీదుగా లాక్కొస్తారు. వరస తిరగబడాలి. ముందు బ్యాటరీ నుంచి ఈఎస్‌సీ, అక్కడి నుంచి మోటారు. మిగతావన్నీ మిగిలిన జాగాలో.

ఎందుకో చిన్న లెక్క చూడండి. 14 గేజి రాగి వైరు మీటరుకు సుమారు 8.3 మిల్లీఓముల నిరోధం ఇస్తుంది. ప్లస్సు, మైనస్సు చెరో 20 సెంటీమీటర్లు అనవసరంగా పొడుగుంటే మొత్తం 40 సెంటీమీటర్లు, 3.3 మిల్లీఓములు. కారు ఉరికినప్పుడు ఒక్క క్షణం 60 ఆంపియర్లు లాగితే 0.2 వోల్టు అక్కడే పోతుంది, 12 వాట్లు వేడిగా మారుతుంది. 7.4 వోల్టుల బ్యాటరీలో 0.2 అంటే ప్రాణం పోయేదేం కాదు. రేసు కారుకు లెక్కే, మన చెల్కలో ఎగిరే కారుకు కాదు. నిజమైన కారణం వేరు. బ్యాటరీ వైపు వైర్లు పొడుగైతే ఈఎస్‌సీ కరెంటును తెంపి తెంపి ఇచ్చే ప్రతిసారీ వోల్టేజి ఎగిరిపడుతుంది. ఆ దెబ్బలన్నీ ఈఎస్‌సీ మీదుండే కెపాసిటర్ తింటుంది. వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, ఒకనాడు చస్తుంది, తనతోపాటు ఈఎస్‌సీనీ తీసుకుపోతుంది. అందుకే పొడుగు తప్పదనుకుంటే మోటారు వైపు పెంచండి, బ్యాటరీ వైపు కాదు. ఈ ఒక్క విషయంలో రేసువాళ్లు, సరదావాళ్లు, తయారీదారులు అందరిదీ ఒకే మాట.

వైరు రకం దగ్గర మనవాళ్లు తరచుగా దెబ్బతింటారు. సిలికాన్ వైరు దొరక్క, దగ్గరి ఎలక్ట్రికల్ షాపులో ఇంటి వైరింగుకు అమ్మే రెండున్నర వైరు తెచ్చి వేస్తారు. రాగి మందంలో అది 14 గేజి కంటే కాస్త ఎక్కువే, కాబట్టి కరెంటు పోతుంది. తేడా తొడుగులో, పోగుల్లో ఉంది. ఇంటి వైరు తొడుగు పీవీసీ, 70 డిగ్రీలకు తయారైనది. సిలికాన్ తొడుగు 200 డిగ్రీలు ఓర్చుకుంటుంది. ఇంటి వైరులో పోగులు పదుల్లోనే ఉంటాయి. 12 గేజి సిలికాన్ వైరులో వెంట్రుకల్లాంటి పోగులు 680 దాకా ఉంటాయి, మడిస్తే దారంలా పడి ఉంటుంది. బిరుసు వైరు కారు ఎగిరిపడిన ప్రతిసారీ తన బలమంతా టంకం మీద చూపిస్తుంది. నెల తిరక్కుండా టంకం పక్కనే తెగుతుంది, అదీ తొడుగు లోపల, బయటికి కనపడకుండా.

టంకం సంగతి కొంచెం ఆగి చెప్పాలి. సగం తలనొప్పులు అక్కడివే. బడి ల్యాబుల్లో ఉండే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సర్క్యూట్ బోర్డుకు సరిపోతుంది, 12 గేజి వైరుకు సరిపోదు. వైరు వేడినంతా లాగేస్తుంది. లెడ్డు కరిగినట్టే కరిగి, రాగిని తడపకుండా పైన గోళీలా నిలబడుతుంది. చల్లారాక బూడిదరంగులో, పొడిపొడిగా కనిపిస్తుంది. వేలితో లాగితే ఊడదు, మొదటి గుంతలో ఊడుతుంది. 60 వాట్లకు తగ్గని ఐరన్, వెడల్పాటి బిట్టు కావాలి. వైరు కొసను ముందు విడిగా లెడ్డు తాగించాలి. పోగుల మధ్యకు అది ఇంకిపోయి కొస వెండిలా మెరవాలి. కనెక్టరు గిన్నెలోనూ ముందే కాస్త కరిగించి ఉంచి, రెండింటినీ కలిపి రెండు, మూడు సెకన్లలో తేల్చేయాలి. ఎక్స్‌టీ60 కనెక్టరైతే ఎదురు కనెక్టరును తగిలించి ఉంచాకే టంకం పెట్టాలి. లేకపోతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి లోపలి పిన్నులు పక్కకు ఒరుగుతాయి. హీట్ ష్రింక్ స్లీవు టంకానికి ముందే వైరుకు ఎక్కించుకోవాలని చెప్పాలా? చెప్పాలి. ఎంత అనుభవమున్నవాడైనా నెలకోసారి మరిచిపోయేది అదే.

కనెక్టర్ల మీద గొడవ పాతదే. డీన్స్ అని పిలిచే టీ-ప్లగ్గు, ఎక్స్‌టీ60, ఈసీ3, ఉత్త బుల్లెట్లు. రేసువాళ్లు బుల్లెట్లు ఇష్టపడతారు, నిరోధం తక్కువని. నా మటుకు బ్యాటరీకి బుల్లెట్లు వద్దే వద్దు. అవి ఎటైనా దూరతాయి. సాయంత్రం చీకట్లో ఒకసారి ప్లస్సు, మైనస్సు తారుమారైతే ఈఎస్‌సీకి రెండో అవకాశం లేదు. ఎక్స్‌టీ60 తలకిందులుగా దూరదు, 60 ఆంపియర్లకు తయారైంది, గుజరాతీ గల్లీలో సులువుగా దొరుకుతుంది. ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా, ఎన్ని కార్లున్నా అన్నిటికీ అదొక్కటే పెట్టేస్తే రిపేరు సగం తేలిక.

మోటారు వైర్ల దగ్గర మాత్రం ఈ ప్రాంతపు పిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. బోరు మోటారు ఉల్టా తిరుగుతుంటే వైండింగ్ షాపాయన ఏమంటాడు? "రెండు ఫేజులు మార్చు బిడ్డా, సక్కగ తిరుగుతది." బ్రష్షుల్లేని ఆర్‌సీ మోటారుకూ మూడు వైర్లే, సూత్రమూ అదే: ఏ రెండు మార్చినా తిరుగుడు మారుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. సెన్సర్ కేబులున్న మోటారైతే ఈ చిట్కా పనికిరాదు. ఏ, బీ, సీ అని రాసినవి వాటికవే కలపాలి. దిశ మార్చాలంటే ఈఎస్‌సీ సెట్టింగుల్లోనే. వైర్లు మార్చి తిప్పితే మోటారు గిలగిల్లాడి వేడెక్కుతుంది.

బోరు నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు ఆటోస్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చింది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. ఆగి ఉన్న మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. కారులోనూ ఇదే జరుగుతుంది. ఆగిన కారును ఒక్కసారిగా ఉరికించి, అదే క్షణంలో స్టీరింగు కోస్తే బ్యాటరీ వోల్టేజి కుంగుతుంది, రిసీవర్‌కు కరెంటు చాలక అది ఆరి మళ్లీ వెలుగుతుంది. ఆ అర సెకను కారు ఎవరి మాటా వినదు. కుర్రాళ్లు దీన్ని "సిగ్నల్ పోయింది" అని రిమోట్ మీద తోసేస్తారు. చాలాసార్లు తప్పు టంకం దగ్గరో, సన్న వైరు దగ్గరో, ముసలి బ్యాటరీ దగ్గరో ఉంటుంది.

సన్న వైర్లు, యాంటెనా

సర్వోకు మూడు వైర్లు: ప్లస్సు, మైనస్సు, సిగ్నల్. సెకనుకు యాభైసార్ల చొప్పున ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్ల పల్సు వెళుతుంది. ఒకటిన్నర అంటే చక్రాలు తిన్నగా. ఈ వైరు మోటారు వైర్లను దాటాల్సి వస్తే అడ్డంగా దాటించి, జంటగా నడవకుండా చూస్తే చాలు. అంతకుమించి ఫెర్రైట్ రింగులు, రేకు చుట్టడాలు 2.4 గిగాహెర్ట్జ్ కారుకు అక్కర్లేదు.

ఇప్పటికీ పట్టింపు ఉండాల్సింది యాంటెనా విషయంలో. ఈ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, అందులో పావు వంతు 31 మిల్లీమీటర్లు. రిసీవర్ నుంచి వచ్చే సన్న వైరు కొసన తొడుగు తీసినట్టుండే ఆ 31 మిల్లీమీటర్లే అసలు యాంటెనా. మిగతాది దాన్ని అక్కడికి చేర్చే దారి. "పొడుగెక్కువైంది" అని ఆ కొసను కత్తిరించేసిన కార్లు చూస్తుంటాం. పాతిక అడుగులు దాటగానే ఆగిపోతాయి. కొసను చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నిలబెట్టి బ్యాటరీకి, లోహానికి, ముఖ్యంగా కార్బన్ ఫైబర్ ఛాసిస్‌కు దూరంగా ఉంచాలి. వైరింగు నీటుగా కనిపించాలని దాన్ని మిగతా వైర్లతో కలిపి ట్యాగు బిగించడమంటే చేతులారా చెవులు మూయడమే.

ఎండ, ఎర్రమట్టి

ఇక్కడి నుంచి విదేశీ సలహాలు మనకు సరిగా అతకవు. లిథియం పాలిమర్ బ్యాటరీ 60 డిగ్రీలు దాటితే ప్రమాదం. సెల్లుకు నిండుగా 4.2 వోల్టులు, 3 వోల్టుల కంటే దిగకూడదు, వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఇవి ఎక్కడైనా ఒకటే. కానీ గాలే 44 డిగ్రీలున్నచోట, నల్ల ప్లాస్టిక్ ఛాసిస్ ఎండలో పావుగంట ఉంటే బ్యాటరీ పరుగెత్తకముందే సగం దూరం వచ్చేసి ఉంటుంది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మేలో అమరరాజా లిథియం సెల్లుల గిగా ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. 9,500 కోట్ల పెట్టుబడి, 16 గిగావాట్ అవర్ల సెల్లుల లక్ష్యం. ఆ జిల్లా బడుల్లో లిథియం బ్యాటరీని ఎక్కడ పెట్టాలో, ఎలా కట్టాలో నేర్పడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఇంత ఎండ కాబట్టి మన దగ్గర ఈఎస్‌సీ జాగా ఎంచుకునేటప్పుడు బరువు సమతూకం కంటే గాలి ముఖ్యం. 1,300 గ్రాముల పైచిలుకు ఉండే 1/10 టూరింగు కారులో రేసువాళ్లు కుడి, ఎడమ బరువులు గ్రాముల్లో సరిచూస్తారు. వాళ్లకు అది గెలుపోటముల సంగతి. మనం ఫ్యాను మీద వైరు మడత పడకుండా, ఈఎస్‌సీ బ్యాటరీకి ఆనుకోకుండా చూస్తే చాలు. తమియా టీటీ-02లో నడిమధ్య షాఫ్టు, ఒక పక్క బ్యాటరీ, రెండో పక్క ఎలక్ట్రానిక్స్ ఉండటం ఈ లెక్కన మనకు కలిసొచ్చే అమరిక. వేడి పుట్టించే రెండూ దూరంగా ఉంటాయి.

అతికించే సామాను సంగతి మరీ ముఖ్యం. రెండు వైపులా జిగురుండే టేపు, హాట్ గ్లూ, ఈ రెండింటితోనే మన ల్యాబుల్లో ప్రపంచం నిలబడి ఉంది. ఏప్రిల్ వస్తే రెండూ జారతాయి. రిసీవర్ ఊడి చక్రాల దగ్గరికి చేరుతుంది. టేపు వేసే ముందు ఛాసిస్‌ను స్పిరిట్‌తో తుడిచి, వేశాక పైనుంచి ఒక వెల్క్రో పట్టీయో ట్యాగో వేయాలి. జిగురును ఒక్కదాన్నే నమ్మొద్దు.

ఇక మట్టి. మన చెల్క నేలలు గ్రానైటు రాళ్లు అరిగి ఏర్పడినవి. ఆ ఎర్రదుబ్బలో గట్టి గింజలుంటాయి. గ్రీజు తగిలినచోట మట్టి చేరితే అది ఆకురాయితో సమానం. షాఫ్టుకు రెండు మిల్లీమీటర్ల దూరంలో పోయే సర్వో వైరు కడప నల్ల నేలలోనైనా ఇక్కడైనా రాసుకుంటుంది గానీ, ఇక్కడ తొందరగా కోసుకుపోతుంది. ట్రాక్సస్ స్లాష్ లాంటి కార్లలో రిసీవర్ కోసం మూత ఉన్న డబ్బా ఉంటుంది. వైర్లు దూరేచోట స్పాంజి ముక్క, సిలికాన్ గ్రీజు, పైన బిగింపు. ఆ పద్ధతి రిసీవర్ మటుకు మనకు బంగారం. రిసీవర్ వేడెక్కదు, మూసేయొచ్చు. కానీ కొందరు అదే ఉత్సాహంతో ఈఎస్‌సీనీ డబ్బాలో పెట్టి సీలు చేస్తారు. వర్షాకాలానికి బాగుంటుంది, వేసవిలో ఉడుకుతుంది. ఈఎస్‌సీ బయటే ఉండాలి. దాని ఫ్యానులో చేరే మట్టిని పాత టూత్‌బ్రష్షుతో వారానికోసారి దులుపుకోవడమే దీనికి తోవ. బ్లోయరు పెట్టి కొడితే ఫ్యాను గిర్రున తిరిగి బేరింగు పోతుంది; వేలితో ఆపి కొట్టాలి.

బడి బల్ల మీది కారు

టింకరింగ్ ల్యాబులో పిల్లలు కట్టే కారు వేరే జాతి. అక్కడ సమస్య పొడుగూ కాదు, బరువూ కాదు. బ్రెడ్‌బోర్డు, దాని మీద జంపర్ వైర్లు. పాఠం చెప్పడానికి బ్రెడ్‌బోర్డు మంచిదే. దాన్ని నాలుగు చక్రాల మీద పెట్టి గతుకుల్లో తోలితే పిన్నులు ఒక్కొక్కటే లేస్తాయి. పది నిమిషాల క్రితం నడిచిన కారు ఇప్పుడెందుకు నడవదో ఎవరికీ తెలియదు. ప్రోగ్రాములో తప్పుందనుకుని కోడు తిరగరాస్తారు పాపం.

ఈ కార్లలో మోటారు డ్రైవరుగా అందరూ వాడేది ఎల్298ఎన్. ఒక్కో మోటారుకు 2 ఆంపియర్ల దాకా ఇస్తుందంటారు గానీ పాతకాలపు చిప్పు. రెండు వోల్టుల దాకా తనే మింగి వేడిగా వదులుతుంది. రెండు 18650 లిథియం సెల్లుల మీద నడిచే కారులో అది పెద్ద కోత. అదే బోర్డు మీది 5 వోల్టుల నుంచి ఆర్డినోకు, మళ్లీ సర్వోకు కూడా కరెంటు లాగితే స్టీరింగు తిరిగినప్పుడల్లా ఆర్డినో రీసెట్టవుతుంది. సర్వోకు విడిగా కరెంటు దారి ఇవ్వాలి. ఆ విడి దారి ఇచ్చాక అసలు తప్పు జరుగుతుంది: మైనస్సులు కలపడం మరిచిపోతారు. బ్యాటరీలు ఎన్నున్నా, బోర్డులు ఎన్నున్నా గ్రౌండు అన్నిటికీ ఒకటే కావాలి, లేకపోతే సిగ్నల్ దేన్ని చూసి ఎక్కువో తక్కువో తేల్చుకుంటుంది? ల్యాబులో నడవని కారును పట్టుకుంటే నేనైతే ముందు చూసేది ఇదే.

మందు ఖరీదైనది కాదు. డిజైను తేలాక బ్రెడ్‌బోర్డు తీసేసి చుక్కల పీసీబీ మీద టంకం పెట్టడం, మోటార్లకు స్క్రూ టెర్మినళ్లు, సెన్సర్లకు లాకు పడే జేఎస్‌టీ కనెక్టర్లు. ఎరుపంటే ప్లస్సు, నలుపంటే మైనస్సు, ఈ రెండు రంగులు ఇంకెక్కడా వాడొద్దు. జంపర్ వైర్ల కట్టలో చేతికి ఏది వస్తే అది వేసే అలవాటు ఒక్కటి మానితే సగం రోగం కుదురుతుంది. వైరు కొసన తెల్ల టేపు చుట్టి పెన్నుతో "ఎడమ మోటారు", "సర్వో" అని తెలుగులోనే రాయొచ్చు. కిందటేడు పిల్లలు పై తరగతికి పోయాక ఆ కారు ఈ ఏడు పిల్లల చేతికొస్తుంది. రాసి ఉంటేనే అది కారు, లేకపోతే వైర్ల కుప్ప.

నీటు మోతాదు మించితే

ఇంతవరకూ సర్దమనే చెప్పాను. అతిగా సర్దిన కారు అసలు సర్దని కారు కంటే ప్రమాదకరమన్నది కూడా చెప్పాలి. ట్యాగును చేతనైనంత గట్టిగా బిగించి కొస కోసేస్తే ఆ అంచు బ్లేడులా ఉంటుంది, మధ్యలోని సన్న పోగులు నలిగి తెగుతాయి. పైకి ఏమీ కనిపించదు. ట్యాగు వైర్లను పట్టుకుంటే చాలు, పిసకక్కర్లేదు. వైర్లన్నిటినీ ఒకే కట్టగా కట్టి అల్లిక తొడుగు ఎక్కించడం చూడటానికి పాము లెక్క మెరుస్తుంది. వేడి బయటికి పోదు; ఒక్క వైరు తెగితే మొత్తం విప్పాలి. సర్వో వైరును సరిగ్గా కొలిచి కోసి కలిపితే ఆ సర్వో పోయినప్పుడు కొత్తదానికి మళ్లీ కోత, మళ్లీ టంకం. సర్వో వైరు మిగిలితే మడిచి పక్కన పెట్టడమే నయం. రాళ్లెక్కే క్రాలర్ కార్లలో మోటారే ఇరుసుతోపాటు ఊగుతుంటుంది. అక్కడ బిగుతు వైరు వేస్తే నాలుగు గుట్టలు ఎక్కకముందే ఊడుతుంది. వదులుగా ఒక చుట్టు ఉండాలి, ఆ చుట్టు చక్రానికి అందకూడదు. దేవరకొండ, అచ్చంపేట వైపు రాళ్లగుట్టలున్నవాళ్లకు ఇది ఉత్తమాట కాదు.

రేసువాళ్ల పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఈఎస్‌సీ పలకల మీద, మోటారు టెర్మినళ్ల మీద నేరుగా టంకం పెట్టడం, ప్రతి వైరునూ అంగుళం లెక్కన కోయడం వాళ్ల అవసరం. వాళ్లకు ట్రాకు పక్కనే బల్ల, మంచి ఐరన్, విడి భాగాల పెట్టె ఉంటాయి. మధ్యలో బుల్లెట్ కనెక్టర్లున్న మోటారును మాత్రం పొలం గట్టున కూర్చుని స్క్రూడ్రైవరు ఒక్కటితో మార్చేయొచ్చు. హాబీవింగ్ 1060 లాంటి మామూలు ఈఎస్‌సీలు ఆ కనెక్టర్లతోనే వస్తాయి. వాటిని కోసి పారేయడానికి మన దగ్గర కారణమేం లేదు.

వైర్లన్నీ వేశాక బ్యాటరీ తగిలించేముందు రెండు పనులున్నాయి. మల్టీమీటరును కంటిన్యుటీలో పెట్టి ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య చూడాలి. ఈఎస్‌సీ కెపాసిటర్ వల్ల ఒక్కసారి కూసి ఆగితే ఫరవాలేదు, కూస్తూనే ఉంటే షార్టు. రెండోది వైండింగ్ షాపుల్లో అందరికీ తెలిసిన సిరీస్ బల్బు. ఆటో ఇండికేటరుకు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బును బ్యాటరీ ప్లస్సుకూ కారుకూ మధ్య పెట్టి తగిలించాలి. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయి ఈఎస్‌సీ బీప్ కొడితే వైరింగు సరే. వెలిగే ఉంటే ఎక్కడో షార్టుంది, అయినా ఏదీ కాలదు. బల్బు రెండు ఆంపియర్ల లోపే కరెంటును పట్టి ఆపుతుంది. ఆ బల్బు ఉండగా థ్రాటిలు ముట్టుకోకూడదు, స్టీరింగు తిప్పకూడదు. కరెంటు చాలక ఈఎస్‌సీ రీసెట్టై, లేని తప్పు ఉన్నట్టు కనిపిస్తుంది. బల్బు తీసేశాక ఛాసిస్ కింద చెక్కముక్క పెట్టి, నాలుగు చక్రాలూ గాలిలో ఉండగా మొదటి థ్రాటిలు మెల్లగా ఇవ్వాలి.